గంజి తాగిన మట్టి

ఇనుము పుట్టే ఊళ్ళో నేను ఇరవై తొమ్మిదేళ్ళు కంటికి కనిపించని జీవుల్ని పెంచాను. మా నాన్న స్నేహితులందరూ ఉక్కు ప్లాంటు మనుషులు. ఒకాయన కొడుకు రోలింగ్ మిల్లులో, ఇంకొకాయన అల్లుడు బ్లాస్ట్ ఫర్నేసులో. "మీ పాప ఏటి సేత్తాది?" అని వాళ్ళు అడిగితే నాన్న కాసేపు ఆలోచించి, "మట్టిలో పురుగులుంటాయి కదా, ఆటి సేత పని సేయిస్తాది" అనేవాడు. ఎమ్మెస్సీ చదివిన నేను కూడా నా ఉద్యోగం గురించి ఇంత సూటిగా ఎవరికీ చెప్పలేకపోయాను.

నేను చదివింది రాయ్‌పూర్‌లో, మాట్లాడింది ఎక్కువ హిందీ. తెలుగు రాయడం మాత్రం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కాబట్టి ఎక్కడైనా తడబడితే సర్దుకోండి. ఇప్పుడు ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలకి ఒక్క సంగతి చెబుదామని ఇది మొదలుపెట్టాను. గొప్ప పని చేసిన కథ కాదు. ఒక మనిషికి అన్యాయం చేసిన కథ.

మా యూనిట్ ఫ్యాక్టరీల వాడ హథ్‌ఖోజ్‌లో ఉండేది. ఎడమ పక్క షెడ్డులో గేరు పళ్ళు కోసేవారు, కుడి పక్క షెడ్డులో బాయిలర్ రేకులు వెల్డింగ్ చేసేవారు. మధ్యలో మేము. వాళ్ళు పెద్ద సుత్తి వేస్తే మా బల్ల మీద గాజు ప్లేట్లు గలగలమనేవి. మా షెడ్డులోంచి వచ్చే వాసన మాత్రం ఆ వీధికే వింత. సోయాపిండి ఉడికే వాసన, దాని మీద ఇడ్లీపిండి పులిసినట్టు ఇంకో వాసన. మధ్యాహ్నం అన్నాల వేళ వెల్డర్లు గేటు దగ్గర ఆగి, "ఆజ్ క్యా పకా దీదీ?" ఇవాళేం వండారక్కా, అని అడిగేవారు. వంట కాదు, మందూ కాదు అంటే నమ్మేవారు కాదు.

మేము చేసేది ఎంజైము. బట్ట నేసేటప్పుడు నూలు తెగకుండా గంజి పెడతారు. నేత అయ్యాక ఆ గంజి పూర్తిగా పోతేనే రంగు సరిగ్గా పడుతుంది. యాసిడ్‌తో తీస్తే బట్ట దెబ్బతింటుంది. మట్టిలో ఉండే కొన్ని బ్యాక్టీరియా పిండిపదార్థాన్ని తినడానికి ఒక ఎంజైము వదులుతాయి. అది గంజిని కరిగిస్తుంది, నూలు జోలికి పోదు. ఆ బ్యాక్టీరియాని పెద్ద ట్యాంకుల్లో పెంచి, అది వదిలిన ఎంజైముని వడకట్టి బట్టల మిల్లులకి పంపడమే మా వ్యాపారం.

నాకు పని నేర్పింది ఒక పెద్ద కెమిస్టు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, మా యూనిట్‌లో ల్యాబు పెట్టిన మనిషి. పిండి కలిపిన ప్లేటు మీద బ్యాక్టీరియాని పెంచి, రెండో రోజు దాని మీద అయోడిన్ పోసి చూపించాడు. ప్లేటంతా నల్లటి నీలం అయిపోయింది. బ్యాక్టీరియా చుక్కల చుట్టూ మాత్రం రంగు పట్టలేదు. పిండిని అవి అప్పటికే తినేశాయి కనక, చుక్క చుట్టూ తేటగా ఒక వలయం మిగిలింది. వలయం ఎంత పెద్దదైతే ఆ బ్యాక్టీరియా అంత పనిమంతురాలు. నేను చాలాసేపు ఆ ప్లేటుని కిటికీ వెలుతురుకి పట్టుకుని నిలబడిపోయాను. ఇప్పటికీ, ఇంత వయసొచ్చాక కూడా, ఆ తేట వలయం తలుచుకుంటే నాకు అదే సంతోషం.

మా దగ్గర ఉన్న బ్యాక్టీరియా అసలు జాతిని గాజు గొట్టాల్లో, అగార్ అనే జెల్లీ మీద బతికించుకునేవాళ్ళం. పదిహేను రోజులకోసారి పాత గొట్టంలోంచి కొత్త గొట్టంలోకి మార్చాలి. మార్చిన ప్రతిసారీ పిండి ప్లేటు వేసి, అయోడిన్ పోసి, వలయం కొలిచి రిజిస్టర్‌లో రాయాలి. ఎందుకంటే సుఖంగా తిండి దొరికే గొట్టంలో ఈ జీవులు సోమరులైపోతాయి. ఎంజైము చేసేవాటికన్నా చెయ్యనివి త్వరగా పెరుగుతాయి. చూసుకోకపోతే కొన్నాళ్ళకి గొట్టంలో అవే మిగులుతాయి. చూడ్డానికి తేడా ఏమీ ఉండదు.

ట్యాంకులు నడిపే మనిషి ఉండేది క్యాంప్ 2 బస్తీలో. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే ప్లాంటులో కాంట్రాక్టు పనికి వచ్చి, తర్వాత మా యూనిట్‌లో చేరాడు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను తల్లీ అనేవాడు. అంకెలు తప్ప అక్షరాలు రావు. కాని ఆవిరి గొట్టం మీద గుడ్డ వేసి చెయ్యి ఆనించి, లోపల ఎంత వేడి ఉందో మీటరు చూడకుండా చెప్పేవాడు. ట్యాంకులో నురగ లేస్తే, పొయ్యి మీద పాలు పొంగినప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు లేచినట్టు లేచేవాడు.

మధ్యాహ్నం ముగ్గురం నలుగురం ట్యాంకు వెనక నీడలో కూర్చుని తినేవాళ్ళం. ప్యాకింగ్‌లో పనిచేసే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు బాసీ తెచ్చుకునేవారు, బాబాయ్ చద్దన్నం తెచ్చుకునేవాడు. మూతలు తీస్తే రెండూ ఒకటే. ఉల్లిపాయ కూడా ఒకలాగే చితక్కొట్టేవారు. నా చపాతీలు చూసి జాలిపడి బాబాయ్ తన గిన్నెలోంచి ఇంత పెట్టేవాడు. ఆ రోజుల్లో నాకు ఊరంటే అదే. చుట్టూ ఇనుము మోత, మధ్యలో ఆ నీడ, పచ్చిమిరపకాయ.

పెద్ద కెమిస్టు చూపు తగ్గి పని మానేశాడు. ల్యాబు నా చేతికి వచ్చింది. వెళ్ళేముందు ఆయన అసలు జాతిని ఎండు ఇసుకలో ఆరబెట్టి, సీలు చేసిన గొట్టాలు కొన్ని నాకు అప్పగించాడు. అవసరమైతే అందులోంచి తాజాగా మొదలుపెట్టుకోవచ్చు. ఏడాది తిరక్కుండా చివరి గొట్టం కూడా వాడేశాను. కొత్తవి చేసి పెట్టుకోవాలి. రేపు చేద్దాం అనుకుంటూ చెయ్యలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకసారి గొట్టాలు మార్చే రోజున అయోడిన్ సీసా ఖాళీగా ఉంది. తెప్పించడానికి రెండు రోజులు పడుతుంది. ఎలాగూ ఎప్పుడూ బాగానే ఉంటోంది కదా అని రిజిస్టర్‌లో "వలయం బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. ఏమీ కాలేదు. ట్యాంకు బాగానే నడిచింది. తర్వాతి సారి సీసా నిండుగానే ఉంది. కాని పిండి ఉడికించడం, ప్లేట్లలో పోయడం, రెండు రోజులు ఆగడం, ఇదంతా ఎందుకనిపించింది. మళ్ళీ అదే రాశాను. అలా ఎనిమిది నెలలు, పదహారు సంతకాలు.

వానాకాలం మొదట్లో ట్యాంకులు పలచబడ్డం మొదలైంది. ఎంజైము బలాన్ని మేము గంజినీళ్ళతో పరీక్షించేవాళ్ళం. అయోడిన్ వేసిన గంజినీళ్ళ నీలం ఎంత త్వరగా పోతే అంత బలం. నిలబడి చూస్తుండగానే పోవాల్సిన నీలం, టీ తాగి వచ్చినా అలాగే ఉండేది. ఒక బ్యాచి, రెండో బ్యాచి, మూడోది. మిల్లు నుంచి సరుకు వాపసు వచ్చింది. బట్ట మీద రంగు మచ్చలు మచ్చలుగా పడిందట.

మా యజమాని చెడ్డవాడు కాదు. పక్క షెడ్ల వాళ్ళు ఇనుము వదిలి ఇదేం వ్యాపారమని నవ్వుతున్నా పట్టుకుని నడిపిన మనిషి. ఆ మిల్లు పోతే యూనిట్ మూసుకోవలసిందే, పాతికమంది ఇళ్ళకి పోవలసిందే. ఆయన ఆవిరి చార్టులన్నీ బల్ల మీద పరిచి చూశాడు. ట్యాంకుని ఆవిరితో శుభ్రం చేసేటప్పుడు లోపలి ఒత్తిడిని ఒక పెన్ను కాగితం మీద గీత గీస్తూ పోతుంది. ఒకరోజు గీత కాసేపు కిందికి జారి మళ్ళీ లేచింది. ఆవేళ కరెంటు పోయి బాయిలర్‌కి నీళ్ళు ఆగాయి. ఆ సంగతి బాబాయే వచ్చి చెప్పాడు. ఒత్తిడి లేచాక మొదటి నుంచి మళ్ళీ పూర్తి సమయం పెట్టానని కూడా చెప్పాడు. గీత చూస్తే అది నిజమని తెలుస్తుంది, చూడగలిగినవాళ్ళకి.

యజమాని ఆ జారిన చోట వేలు పెట్టి నన్ను అడిగాడు. ఇక్కడి నుంచే బయటి క్రిములు దూరి ట్యాంకు పాడైందా?

ఆ పొద్దున్నే నేను మైక్రోస్కోపులో చూశాను. ట్యాంకులో బయటి క్రిమి ఒక్కటి లేదు. కడ్డీల్లా ఉండే మా బ్యాక్టీరియాయే, నిండుగా, శుభ్రంగా. అది చెప్పాలి. చెబితే తర్వాతి ప్రశ్న, మరి ఎందుకిలా అవుతోంది అని వస్తుంది. అప్పటికి నాకు జవాబు తెలియదు, కాని ఆ ప్రశ్న ఎటు తిరుగుతుందో లోపల ఎక్కడో తెలుసు. "హో సక్తా హై సర్" అన్నాను. అయి ఉండొచ్చు. అంతే అన్నాను.

ఆ సాయంత్రమే బాబాయ్‌ని పని మానుకోమన్నారు. ఆయన టిఫిను డబ్బా పట్టుకుని ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు, ఎప్పటిలాగే.

"తల్లీ, నిజింగా నా సేతిలోంచే పోయిందంటావా?"

"ఏమో బాబాయ్, చూడాలి" అన్నాను, ప్లేట్లు సర్దుతూ.

ఆయన తల ఊపాడు. "సూడు మరి" అని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర సైకిలు స్టాండు తీసిన చప్పుడు విన్నాను.

కొత్త ఆపరేటర్ వచ్చాడు. కరెంటు పోలేదు, గీత జారలేదు. బ్యాచి మాత్రం ముందుకన్నా పలచగా వచ్చింది. అప్పుడు, ఎనిమిది నెలల తర్వాత, నేను పిండి ప్లేటు వేశాను. రెండో రోజు తలుపు వేసుకుని అయోడిన్ పోశాను. ప్లేటంతా నల్లగా నీలమెక్కింది. ఒక చుక్క చుట్టూ కూడా వలయం లేదు. ఇంకో గొట్టంలోంచి ఇంకో ప్లేటు, అదీ అంతే. కుర్చీలో కూర్చుని రిజిస్టర్ తిరగేశాను. నా చేతిరాత చాలా చక్కగా ఉంటుంది. పదహారు చోట్లా వలయం బాగుంది.

వెంటనే వెళ్ళి నిజం చెప్పానని రాయగలిగితే ఎంత బాగుండేది. నేను ఆలోచించింది వేరు. కొత్త జాతి ఒకటి దొరికితే ట్యాంకులు మళ్ళీ బాగుపడతాయి, అప్పుడు బాబాయ్‌ని వెనక్కి పిలవమని నేనే సిఫారసు చెయ్యొచ్చు, ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. తప్పు చేసినవాడికి ఎప్పుడూ ఇలాంటి చక్కటి ఏర్పాటు ఒకటి తడుతుంది.

యజమానితో జాతి మార్చి చూద్దామన్నాను. సరేనన్నాడు. చెంచా, పాలిథీన్ సంచులు పట్టుకుని ఊరి మీద పడ్డాను. బ్యాక్టీరియా ఎక్కడ వెతకాలంటే, దాని తిండి ఎక్కడ పారబోస్తారో అక్కడ. రైసు మిల్లు కాలువ, బంగాళాదుంపల గోదాము, పిండిమర గుమ్మం, అటుకులు దంచే చోటు, అన్నీ తిరిగాను. వలయాలు వచ్చాయి, కాని చిన్నవి. పైగా మాకు వేడిలో కూడా పనిచేసే ఎంజైము కావాలి. మిల్లులో బట్టల తొట్టి పొగలు కక్కుతుంటుంది.

ఒక ఆదివారం వైశాలి నగర్‌లో మా ఇంట్లో అమ్మ బీరువా తెరిచి నేత చీర తీస్తుంటే చూశాను. మడత విప్పితే పెళపెళలాడింది. అమ్మ చీరలకి గంజి పెట్టేది ఎవరో నాకు కొత్తగా తెలియాల్సిన పని లేదు. బాబాయ్ భార్య. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్లలో టీచర్లవీ నర్సులవీ చీరలన్నీ ఆవిడే ఉతికి గంజి పెట్టి ఇస్తుంది. ఇరవై ఏళ్ళకి పైగా రోజూ, మిగిలిన గంజి సలసలా కాగుతుండగానే ఇంటి వెనక ఒకే చోట పారబోస్తుంది. వేడి గంజి, ఒకే మట్టి, ఇరవై ఏళ్ళు. నా ఒళ్ళు జల్లుమంది. వెంటనే సిగ్గేసింది. అయినా మర్నాడు వెళ్ళాను.

క్యాంప్ 2లో వాళ్ళ ఇల్లు కుళాయి సందు చివర. బాబాయ్ అప్పుడే సైకిలు మీంచి చీరల మూట దించుతున్నాడు. పని పోయాక భార్యకి సాయంగా ఇళ్ళకి బట్టలు చేరవేస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. పిన్ని మంచం మీద దుప్పటి సర్ది కూర్చోమంది. కొత్త బ్యాక్టీరియా కోసం మట్టి కావాలని చెప్పాను. ఎందుకు కావాల్సి వచ్చిందో ఇద్దరూ అడగలేదు.

ఇంటి వెనక నేల బూడిదరంగులో, జిగటగా, పుల్లటి వాసన వేస్తోంది. నేను చెంచాతో పైపైన గీకబోతే బాబాయ్ ఆపాడు.

"పైది కాదమ్మా. మరిగే గంజికి పైనున్నయ్యి సచ్చిపోవా? జానెడు లోతుకి తియ్యాల."

ఇనపచువ్వ తెచ్చి ఆయనే తవ్వాడు. చేత్తో తీసి సంచిలో పోశాడు. పైన ఉన్నదీ కొంచెం ఇమ్మన్నాను. ఆ వేడికి చావకుండా గట్టి పెంకు కట్టుకుని బతికేవే నాకు కావాలి. అది చెబితే శ్రద్ధగా విన్నాడు.

"ఇది పనికొస్తే ట్యాంకు బాగైపోద్దా?"

"అవుతుంది బాబాయ్."

"అయితే మంచిదే" అన్నాడు.

పిన్ని అల్లం వేసి టీ ఇచ్చింది. తాగాను. ఇన్నేళ్ళలో నేను చేసిన పనులన్నిటిలోకీ, ఆ పదహారు సంతకాలకన్నా కూడా, ఆ టీ తాగడమే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది.

ల్యాబులో ఆ మట్టిని నీళ్ళలో కలిపి, బాగా వేడి చేసి, ప్లేట్ల మీద పరిచాను. రెండో రోజు అయోడిన్ పోశాను. నీలం మధ్యలో తేట వలయాలు, ఒకదాన్నొకటి ఒరుసుకునేంత పెద్దవి. వాటిలో ఒకటి ప్లేటులో పావువంతు తినేసింది. అది పైమట్టిలోదే. దాన్ని ఒంటరిగా తీసి, సీసాలో, చిన్న ట్యాంకులో, పెద్ద ట్యాంకులో పెంచాను. నెలన్నర పట్టింది. మొదటి పెద్ద బ్యాచి పరీక్షించిన రోజున గంజినీళ్ళ నీలం నేను గడియారం వైపు చూసే లోపే పోయింది. ఈసారి ప్రతి అంకె చూసి రాశాను. ఇసుక గొట్టాలు కూడా చేసి పెట్టాను. దొరికిన చోటు అన్న గడిలో, క్యాంప్ 2, ఇంటి వెనక గంజి పోసే నేల, అని రాశాను.

మిల్లు సరుకు తీసుకుంది. యజమాని మిఠాయి డబ్బాతో ల్యాబుకి వచ్చాడు. రెండు కాగితాలు కూడా తెచ్చాడు. ఒకటి కొత్త ఆపరేటర్‌ని పర్మనెంటు చేసే ఉత్తర్వు. రెండోది మిల్లుకి పంపాల్సిన రిపోర్టు. వెనకటి బ్యాచిలు ఎందుకు పాడయ్యాయో రాతపూర్వకంగా ఇమ్మన్నారట. కారణం అన్న చోట టైపు చేసి ఉంది, ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల బయటి క్రిములు చేరడం. కింద ల్యాబు ఇన్‌ఛార్జి సంతకం. నా సంతకం.

పెన్ను మూత తీశాను. పదిహేడోది అనుకున్నాను. మళ్ళీ మూత పెట్టేశాను.

అలమరలోంచి పాత జాతి ప్లేటు, రిజిస్టర్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ప్లేటు ఏం చెబుతోందో చెప్పాను. రిజిస్టర్‌లో ఏ తారీఖు నుంచి అబద్ధమో వేలు పెట్టి చూపించాను. హిందీలోనే చెప్పాను.

ఆయన ఆ పేజీలన్నీ తిప్పి చూశాడు. తర్వాత ఒకే మాట అడిగాడు. "ఉస్ దిన్ ఆప్ కో పతా థా?" ఆ రోజు మీకు తెలుసా అని.

బ్యాక్టీరియా జాతి పాడైందని ఆ రోజు తెలియదన్నాను. కాని బయటి క్రిములు లేవని తెలుసన్నాను.

ఆయన మిఠాయి డబ్బా మూత పెట్టేశాడు. మిమ్మల్ని ఏం చెయ్యాలో తర్వాత ఆలోచిస్తాను, ముందు ఆయన్ని తీసుకురండి, అన్నాడు. నేనూ వస్తాను క్షమాపణ అడగడానికి, కాని ఈ మాట మీ నోటి నుంచి వినాలి ఆయన, మీరొక్కరే వెళ్ళండి, అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. పిన్ని తొట్టిలో చీర ముంచుతోంది, బాబాయ్ దండెం కడుతున్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అయోడిన్ సీసా దగ్గర్నుంచి.

బాబాయ్ దండెం ముడి వేస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"అయితే నాను వాల్వు సరిగ్గానే తిప్పినాను" అన్నాడు.

"సరిగ్గానే తిప్పావు బాబాయ్."

"రెండున్నర నెలలయ్యింది. రోజూ పడుకునేప్పుడు అదే అనుకుంతాను. ఎక్కడ తప్పింది, ఎక్కడ తప్పింది అని. ఈ సెయ్యి మీద నాకే నమ్మకం పోయింది."

కుడిచెయ్యి అరచేయి తిప్పి చూసుకున్నాడు. నేను అనుకున్నది ఉద్యోగం పోయిందని బాధపడుతున్నాడని. ఆయన పోగొట్టుకున్నది అదొక్కటే కాదని అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు.

పిన్ని చీర పిండుతూనే అడిగింది. "మట్టి అట్టుకెళ్ళిన నాటికి నీకు తెలుసా?"

"తెలుసు పిన్నీ."

ఆవిడ చీర భుజం మీద వేసుకుని దండెం దగ్గరికి వెళ్ళిపోయింది. టీ మాట రాలేదు.

యజమాని రమ్మంటున్నాడని చెప్పాను. బాబాయ్ లోపలికి వెళ్ళి వాళ్ళమ్మాయి కాలేజీ నోటుబుక్కు, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

"నాకు సదువు రాదు. సందులో అందరికీ నన్ను తప్పుకి తీసీసినారనే తెలుసు. నువ్వు సెప్పింది కాయితం మీద రాయి, హిందీలో. సంతకం ఎట్టు. కుళాయికి నీళ్ళొచ్చే యేళకి అందరూ వస్తారు. అక్కడ సదువు."

"ఇవాళేనా బాబాయ్?"

"ఇయ్యాలే."

గడపలో కూర్చుని రాశాను. ఒక పేజీ కూడా నిండలేదు. అయిదింటికి కుళాయి దగ్గర బకెట్లు, బిందెలు బారులు తీరాయి. ఒడియావాళ్ళు, ఛత్తీస్‌గఢీలు, బీహారు నుంచి వచ్చినవాళ్ళు, మనవాళ్ళు. బాబాయ్ నా పక్కన నిలబడి, "జరా సునో, మేడమ్ కుఛ్ పఢేంగీ" అన్నాడు, కాస్త వినండి, మేడమ్ ఏదో చదువుతారు అని. నేను మేడమ్‌ని అయిపోయానని అప్పుడు గమనించాను.

చదివాను. ట్యాంకులో ఏ మురికీ చేరలేదు, ఈయన పనిలో ఏ లోపమూ లేదు, చెయ్యని పరీక్ష చేశానని రాసింది నేను, అది దాచి ఈయన మీద అనుమానం పడనిచ్చింది నేను. "గల్తీ మేరీ థీ" అన్నాను, తప్పు నాదే అని. నీళ్ళ చప్పుడులో వెనకవాళ్ళకి వినపడలేదేమో, ఒక ముసలావిడ కుళాయి కట్టేసి మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఆ ముసలావిడే బాబాయ్‌ని అడిగింది, నౌకరీ తిరిగి వస్తుందా అని. వస్తుందన్నాడు. ఆవిడ తల ఊపి కుళాయి తిప్పింది. బకెట్లు ముందుకు జరిగాయి.

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటూ బాబాయ్ ఒక షరతు పెట్టాడు. గొట్టాలు మార్చిన ప్రతిసారీ ప్లేటు తనకి చూపించాలి. చూశాకే ట్యాంకుకి ఆవిరి ఎక్కిస్తాడు.

యజమాని నా ఉద్యోగం తియ్యలేదు. ఇన్‌ఛార్జి పదవి రెండేళ్ళు తీసేశాడు. మిల్లుకి పంపిన రిపోర్టులో కారణం అన్న చోట నేను చెప్పినదే రాయించాడు. మిల్లువాళ్ళు దాని మీద ఏమీ అనలేదు. కొత్త ఆపరేటర్‌కి ప్యాకింగ్‌లో పని దొరికింది. పిన్ని మా ఇంటి చీరలు మానలేదు, అవి ఎప్పటిలాగే పెళపెళలాడుతూ వచ్చేవి. నాతో మాట్లాడడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. వాళ్ళమ్మాయి పెళ్ళికి కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చింది, అప్పుడు.

పిల్లలూ, మీ దగ్గర ఇప్పుడు డీప్ ఫ్రీజర్లున్నాయి, బార్‌కోడ్‌లున్నాయి. జాతి మారితే దాని జన్యువులు చదివి చెప్పే యంత్రాలున్నాయి. కాని మొన్న ఒక ల్యాబు చూడ్డానికి వెళితే, కంప్యూటర్ తెర మీద "పరీక్ష సరిగ్గా ఉంది" అని టిక్కు పెట్టే చిన్న గడి ఒకటి కనపడింది. ఆ గడిని చూసి నేను కొంచెంసేపు నిలబడిపోయాను. నన్ను తీసుకెళ్ళిన అమ్మాయి, ఏమైంది ఆంటీ అని అడిగింది.

బాబాయ్ ఆ తర్వాత పదకొండేళ్ళు పనిచేశాడు. పదిహేను రోజులకోసారి ల్యాబు గుమ్మంలో చెప్పులు విడిచి, "పళ్ళెం పోసినావా?" అని అడిగేవాడు. పోశానంటే చాలేది కాదు. "సూపించు" అనేవాడు. వెలుతురుకి పట్టుకుని, బట్టలు కొలిచే టేపుతో వలయం కొలిచి, అంకె తన వేలి కణుపుల మీద లెక్కపెట్టుకుని వెళ్ళేవాడు. మొదటి ఏడాది ఆ "సూపించు" నాకు చెంపదెబ్బలా ఉండేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, దాని కోసం ఎదురుచూసేదాన్ని.

ఆయన రిటైరవడానికి కొద్ది నెలల ముందు ఒకసారి గొట్టాలు మార్చాను, రెండో రోజు ప్లేటు మీద అయోడిన్ పోశాను, మధ్యాహ్నం దాకా ఆయన రాలేదు. ట్యాంకు దగ్గరికి వెళితే అప్పటికే ఆవిరి ఎక్కిస్తున్నాడు. ప్లేటు సంగతి అడగలేదేమని అడిగాను.

"నువ్వు పోసే ఉంతావులే తల్లీ" అన్నాడు, వాల్వు మీంచి చూపు తిప్పకుండా.

నేను ల్యాబుకి వెళ్ళి ప్లేటు తెచ్చి ఆయన ముందు పట్టుకున్నాను.

"చూడు బాబాయ్."

ఆయన చెయ్యి గుడ్డకి తుడుచుకుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, చూశాడు.